పడవలో ఉండి బట్టలు ఉతకడం, ఒడ్డుకు దిగడం ఎలా?

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా అన్నయ్యా వదినా ఉద్యోగాలు మానేసి తెరచాప పడవ కొనుక్కుని అందులోనే కాపురం ఉంటున్నారు, ఇప్పుడు మలేషియాలో లంకావి దీవిలో కువా ఊరి ముందు లంగరేశారు. సంక్రాంతి వెళ్లాక నన్నూ అమ్మనూ రమ్మంటున్నారు. పడవంటే నాకు తెలిసింది భవానీ ద్వీపానికి వెళ్లొచ్చేదే, అందుకే టెన్షన్.

అన్నయ్యనడిగితే "వచ్చాక చూస్తావుగా" అంటాడు, వాడి సంగతి తెలిసిందే. వదినే నయం. గిన్నెలు సముద్రపు నీళ్లతో తోమి చివర్లో ఒక్కసారి మంచినీళ్లతో తొలుస్తారట. మరి బట్టలో? ఉప్పునీళ్లలో జాడిస్తే ఆ ఉప్పు గాలిలో చెమ్మ లాగేసి, ఎంత ఎండలో ఆరేసినా చేతికి జిగటగా తగులుతూనే ఉంటాయంటుంది. ట్యాంకులో నీళ్లేమో కొలిచి వాడుకోవాలి. అమ్మ రోజుకో మంగళగిరి చీర మారుస్తుంది, అవన్నీ ఒడ్డున లాండ్రీకి వేయడమేనా, అరబకెట్టు మంచినీళ్లతో సరిపెట్టే ఉపాయం ఏదైనా ఉందా?

అసలు భయం ఇంకోటి. ఒడ్డుకు వెళ్లాలంటే పడవ మీంచి చిన్న రబ్బరు బోటులోకి దిగాలి, అదేమో అలలకు ఊగుతూ ఉంటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లను అలా దింపినవాళ్లుంటే ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పండి. పంజాబీ డ్రెస్ వేసుకోమంటే అమ్మ వినట్లేదు.

బొద్దింకలొస్తాయని అట్టపెట్టెలు పడవెక్కనివ్వరట, కాబట్టి పప్పులూ కారాలూ డబ్బాల్లో సర్దుతున్నాను. కుక్కర్ వాళ్లకుంది. ఇంకేం తేవాలి?