వయొలిన్ బో (తీగల మీద లాగే కమాను) చివరికొచ్చేసరికి వంకర పోతోంది, ఇంట్లో ఏం చేయించాలి?

ప్రశ్న: పాపకు తొమ్మిదేళ్లు, స్ట్రింగ్ ఆర్కెస్ట్రాలో వయొలిన్. బో చివరికొచ్చేసరికి ఫింగర్‌బోర్డు (ఎడమచేతి వేళ్లు నొక్కే పలక) మీదికి జారుతోంది. ఏం చేయించాలి?

జవాబు 1: మోచేయి వెనక్కి పోవడమే కారణం. బో సగం దాటాక మోచేయి తెరుచుకుని ముంజేయి ముందుకు చాచాలి. అద్దం ముందు నిలబెట్టండి. ఖాళీ డి తీగ, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్లు, నాలుగు బీట్లకు ఒక బో, పది సార్లు. ఎడమచేతి వేళ్లు పెట్టనివ్వకండి, ధ్యాసంతా కుడిచేతి మీదే ఉండాలి. బో బ్రిడ్జికి (తీగల్ని ఎత్తిపట్టే చెక్కకి) సమాంతరంగా ఉందో లేదో తనే చూసుకుని చెప్పాలి, మీరు చెప్పకండి.

జవాబు 2: బో పట్టు కూడా చూడండి. బొటనవేలు బిగుసుకుని నిటారుగా ఉంటే మణికట్టు కదలదు. పెన్సిల్‌తో పట్టు సాధన రోజూ రెండు నిమిషాలు.

జవాబు 3: ఆర్కెస్ట్రా సాధనకొస్తే, తన పార్టు (తను వాయించాల్సిన భాగం) మొదటి నుంచి వాయించనివ్వకండి, కష్టమైన రెండు బార్లే (తాళపు గడులే) చాలు. తను వాయించకుండా ఆగే విరామాల్లో బీట్లు పైకి లెక్కపెట్టించండి. పిల్లలు తప్పుచోట అందుకునేది ఎక్కువగా అక్కడే.