‘మా ఇంటా వంటా లేదు’: క్యాన్సర్ కరపత్రంలో ఈ జాతీయం

ప్రశ్న: విశాఖపట్నం ఆరిలోవ ప్రాంతంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల కోసం కరపత్రం రాస్తున్నాము. పరీక్షకు రమ్మంటే చాలామంది ఆడవాళ్లు ‘మా ఇంటా వంటా నేదండి’ అంటున్నారు. ‘ఇది వంశపారంపర్య వ్యాధి కాదు’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: ఆ వాక్యం వద్దండి. అది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు. ‘అబద్ధమాడటం మా ఇంటా వంటా లేదు’ అన్నప్పుడు ఈ జాతీయం చక్కగా అతుకుతుంది. నడవడి ఇంట్లో చూసి నేర్చుకునేదే కదా. వ్యాధి దగ్గరకు వచ్చేసరికి ఇక్కడ ‘ఇల్లు’ ఏది అన్న ప్రశ్న వస్తుంది. పెళ్లయి ఇరవయ్యేళ్లు దాటిన స్త్రీ ‘మా ఇల్లు’ అంటే చాలాసార్లు అత్తవారిల్లే, కానీ ఆమె జన్యువులు పుట్టింటివి. అత్తగారికీ ఆడపడుచుకూ రాలేదన్నది ఆమె గురించి ఏమీ చెప్పదు. స్వీడన్‌లో కుటుంబాల రికార్డులు పరిశీలించినప్పుడు, ఈ వ్యాధి వచ్చినవారి సొంత తల్లికీ తోడబుట్టిన అక్కచెల్లెళ్లకూ ముప్పు ఇతరులకన్నా దాదాపు రెట్టింపుగా కనిపించింది. దత్తత బంధువుల్లో ఆ తేడా లేదు.

వ్యాధికి మూలం హెచ్‌పీవీ అనే వైరస్. ఈ వైరస్‌లోని 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. వైరస్ సోకిన స్త్రీలలో అత్యధికులకు రెండేళ్లలోపే అది దానంతట అదే పోతుంది. కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది, జన్యువుల పాత్ర ప్రధానంగా అక్కడే. ఆరవ క్రోమోజోముపై ఉన్న హెచ్‌ఎల్‌ఏ జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు వైరస్ ముక్కలను కణం పైభాగానికి తెచ్చి రోగనిరోధక కణాలకు చూపిస్తాయి. ఎవరి ప్రోటీను ఏ ముక్కను పట్టుకోగలదన్నది మనిషి మనిషికీ మారుతుంది. పలు అధ్యయనాల్లో ఈ జన్యువుల్లోని డీఆర్‌బీ1*13 రకం ఉన్నవారికి కొంత రక్షణ, డీక్యూబీ1*06:02 రకం ఉన్నవారికి కొంత అధిక ముప్పు కనిపించాయి. ఆ తేడా స్వల్పమే. వైరస్ లేనిదే ఏ జన్యు రకమూ తనంతట తాను ఈ వ్యాధిని తేలేదు.

ఈ జన్యువుల్లో తల్లికున్న రెండు వరుసల్లో ఒకటి, తండ్రికున్న రెండింటిలో ఒకటి బిడ్డకు వస్తాయి కనుక, ఒకే కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లలో రెండు వరుసలూ ఒకటిగా ఉండే అవకాశం నాలుగింట ఒక వంతే. అక్కకు రాలేదు గనక నాకూ రాదనుకోవడానికి ఆధారం అంతకంటే తక్కువ.

మరో సభ్యుని ప్రశ్న: మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ కదా, అప్పుడు లెక్క మారదా?

సమాధానం: కొంత మారుతుంది. దగ్గరి చుట్టరికంలో తల్లిదండ్రుల జన్యు వరుసలు ఒకటయ్యే అవకాశం పెరుగుతుంది, అంతవరకు బిడ్డలో వైవిధ్యం తగ్గుతుంది. దాన్నిబట్టి ఈ క్యాన్సర్ గురించి కరపత్రంలో ఏమీ రాయకండి. చదివిన కోడలికి అనవసరపు భయం, అత్తకు కొత్త సాకు మిగులుతాయి.

నేనైతే ఇలా రాస్తాను: ‘మీ ఇంటా వంటా లేకపోయినా ఈ వైరస్ ఎవరికైనా సోకవచ్చు. ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి. 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీ పరీక్ష చేయించుకోవాలి.’ పలకరింపు మాత్రం ‘మహిళలారా’ అని కాక, ‘అమ్మా’ అని ఉంటే బాగుంటుంది.