‘నొక్కండి’ అనాలా, ‘తట్టండి’ అనాలా? టచ్ స్క్రీన్ మీద తెలుగు క్రియ

గుంపులో అందరికీ నమస్కారం. బెంగళూరులో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ జట్టు. ఆసుపత్రి రిసెప్షన్‌లో పెట్టే డెస్క్‌టాప్ కంప్యూటర్ కోసం ఒక ప్రోగ్రాం రాస్తున్నాం. రోగులో, వాళ్ల వెంట వచ్చినవాళ్లో టచ్ స్క్రీన్ మీద పేరు, వయసు, చూపించుకోవాల్సిన విభాగం ఎంచుకుంటారు. అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చేవాళ్లు చాలామంది. అందుకే కన్నడ, ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగు కూడా పెట్టాం.

నా ప్రశ్న ఒకే ఒక్క క్రియ గురించి. వేలు తెరకు ఇలా తగిలించి అలా తీసేయడాన్ని తెలుగులో ఏమని రాయాలి? చాలా ఫోన్లలో, వెబ్‌సైట్లలో ‘నొక్కండి’ అని ఉంటుంది. మేమూ అదే పెట్టి కొందరు పెద్దవాళ్లకు చూపించాం. ఒక పెద్దావిడ ‘ముందుకు వెళ్లడానికి ఇక్కడ నొక్కండి’ అన్నది పైకి చదివి, చూపుడువేలు ఆనించి, కాలింగ్ బెల్ నొక్కినట్టు గట్టిగా అదిమి పట్టుకున్నారు. విండోస్‌లో వేలు కదలకుండా కాసేపు అలా ఉంటే అది మౌస్ కుడి బటన్ కింద లెక్క. వేలి చుట్టూ చిన్న చతురస్రం కనిపించింది, వేలు తీయగానే ఏదో మెనూ తెరుచుకుంది. ఆవిడ చేసినదాంట్లో తప్పేమీ లేదు. నొక్కమన్నాం, నొక్కారు.

‘నొక్కు’లో బలం ఉంది. పాతకాలపు రెసిస్టివ్ తెరలకు ఆ మాట సరిగ్గా సరిపోయేది. వాటిలో రెండు పొరలుంటాయి, పై పొర వంగి కింది పొరకు ఆనితేనే వేలు ఎక్కడుందో తెలుస్తుంది. ఇప్పటి కెపాసిటివ్ తెరకు బలంతో పని లేదు. వేలు దగ్గరికి రాగానే అక్కడి విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పునే అది పట్టుకుంటుంది. ఎంత అదిమినా అదనంగా ఒరిగేదేమీ లేదు. తెర మారింది గానీ మన మాట మారలేదు.

మరి దేన్ని తీసుకోవాలి? ‘ముట్టుకోండి’, ‘అంటండి’ ఆసుపత్రి తెర మీద రాయలేం. ముట్టు, అంటు అన్న మాటలకు మన సమాజంలో ఉన్న బరువు అందరికీ తెలిసిందే. ‘తాకండి’ మర్యాదగా ఉంది, కానీ అందులో వేలు తీయడం లేదు. తాకి అలాగే ఉండిపోవచ్చు. నాకు ‘తట్టండి’ నచ్చింది. తలుపు తట్టినా, భుజం తట్టినా చెయ్యి వెళ్లి వెనక్కి వస్తుంది. మీ అభిప్రాయం చెప్పండి.

హిందూపురం మిత్రుడు: అన్నా, మా పక్క ‘ఒత్తు’ అంటాం. స్విచ్ ఒత్తు, లిఫ్ట్ బటన్ ఒత్తు. కన్నడలోనూ ‘ఒత్తి’ అనే రాస్తారు కాబట్టి బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకు అది రోజూ కళ్లబడే మాట. కొత్తగా నేర్పే పని ఉండదు.

నా జవాబు: నిజమే తమ్ముడూ, మాట చాలా దగ్గరిది. కానీ ‘ఒత్తు’లోనూ అదిమే బలమే ఉంది కదా. కాళ్లు ఒత్తడం, పిండి ఒత్తడం గుర్తు తెచ్చుకో. వేలు ఆనించి ఉంచాల్సిన చోటికి మాత్రం ‘ఒత్తి పట్టుకోండి’ చక్కగా కుదురుతుంది. దాన్ని రాసిపెట్టుకున్నాను.

జయనగర్ సభ్యురాలు: ‘తట్టు’ అంటే మా అమ్మమ్మ వాళ్లకు పిల్లలకు పోసే తట్టు గుర్తొస్తుందండీ. ఆసుపత్రిలో ఆ మాట ఫర్వాలేదంటారా?

నా జవాబు: మంచి సందేహం అండీ. ‘తట్టు’ అని ఒంటరిగా పేరులా రాస్తే ఇబ్బందే. పిల్లల విభాగం బటన్ పక్కన అసలు రాయకూడదు. ‘ఈ పెట్టెను వేలితో ఒకసారి తట్టండి’ అని వాక్యంగా రాస్తే జబ్బు తలపుకు రాదనే నా నమ్మకం. ‘వేలితో ఒకసారి’ అన్నది ఎలాగూ కావాలి. కొందరు డబుల్ క్లిక్ అలవాటు కొద్దీ రెండుసార్లు కొడతారు. మొదటి దెబ్బకే పేజీ మారిపోయి, రెండోది కొత్త పేజీలో అదే చోట ఉన్న బటన్ మీద పడుతుంది.

వైట్‌ఫీల్డ్ మిత్రుడు: అన్నా, మాట గురించి కాదు, పని గురించి అడుగుతున్నాను. నేను ఇప్పటిదాకా మౌస్‌తో వాడే ప్రోగ్రాములే రాశాను. టచ్‌కి ఎక్కడ మొదలుపెట్టాలి?

నా జవాబు: ముందు కోడ్ జోలికి వెళ్లొద్దు. నీ పాత ప్రోగ్రాంను టచ్ స్క్రీన్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచి, మౌస్ తీసి పక్కన పెట్టి, ఒక పని మొదటి నుంచి చివరిదాకా వేలితో చేసి చూడు. టచ్ గురించి ఏమీ తెలియని ప్రోగ్రాంకి విండోస్ ఒంటి వేలి తాకిడిని మౌస్ సందేశాలుగా మార్చి అందిస్తుంది. కాబట్టి చాలావరకు పని చేస్తుంది. ఎక్కడ చెయ్యి ఆగిందో అదే నీ పనుల జాబితా.

ఆగే మొదటి చోటు బటన్ సైజు. మైక్రోసాఫ్ట్ తన మార్గదర్శకాల్లో సుమారు 7.5 మిల్లీమీటర్లు చెప్పింది, గూగుల్ 48 డీపీ (తెర సాంద్రతను బట్టి సర్దుకునే కొలత), అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు అంటుంది. పెద్దవాళ్లు వాడే తెరకు ఇంకా పెంచినా తప్పు లేదు. పిక్సెళ్లలో ఆలోచించొద్దు. 1920×1080 తెర 24 అంగుళాలదైతే 9 మిల్లీమీటర్లంటే సుమారు 33 పిక్సెళ్లు, అదే 14 అంగుళాల ల్యాప్‌టాప్‌లో 56. స్కేలు తీసుకుని తెర మీద పెట్టి కొలువు, నిజంగా చెబుతున్నాను. తెలుగుకు ఎత్తు కూడా కావాలి. మా ఫారంలో ‘స్త్రీ’ అన్న బటన్ చూడు: పైన గుడి దీర్ఘం, కింద తకార, రకార ఒత్తులు. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచిన ఎత్తులో ఇరికిస్తే కింది ఒత్తులు తెగిపోతాయి.

రెండోది, పనిని వేలు దిగినప్పుడు కాక లేచినప్పుడు చేయించు. పొరపాటున తప్పు బటన్ మీద వేలు పడితే, పక్కకు జరిపి తీసేసుకునే అవకాశం ఉండాలి. నేను ‘తట్టండి’ని పట్టుకుని వేలాడడానికి అసలు కారణం ఇదే. ఆ క్రియలో చెయ్యి వెనక్కి రావడం ఉంది, ప్రోగ్రాంలోనూ పని జరిగేది అక్కడే.

ఆ తర్వాతే కోడ్. విండోస్ 7తో 2009లో రెండు దారులు వచ్చాయి. మామూలుగా విండోకి జూమ్, తిప్పడం లాంటి తయారు సైగలు డబ్ల్యూఎం_జెశ్చర్ అనే సందేశంగా వస్తాయి. రిజిస్టర్‌టచ్‌విండో అనే ఫంక్షన్‌ను పిలిస్తే వాటి బదులు ఒక్కో వేలి కదలికా డబ్ల్యూఎం_టచ్‌గా వస్తుంది. విండోస్ 8 నుంచి మౌస్, వేలు, పెన్ను మూడింటినీ కలిపిన డబ్ల్యూఎం_పాయింటర్ ఉంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అదే పట్టుకోవాలి. క్యూటీ అనే ప్రోగ్రామింగ్ సాధనంలో రాస్తే విడ్జెట్‌కి, అంటే తెర మీది బటన్ లాంటి భాగానికి, టచ్ ఈవెంట్లు కావాలని ముందుగా చెప్పాలి, లేకపోతే అవి మౌస్ ఈవెంట్లుగానే వస్తాయి. వెబ్ పేజీల పద్ధతిలో డెస్క్‌టాప్ ప్రోగ్రాం రాసే ఎలక్ట్రాన్ అయితే బ్రౌజర్‌లోని పాయింటర్ ఈవెంట్లే చాలు. పాయింటర్, క్యూటీ, ఎలక్ట్రాన్ దారుల్లో ప్రతి వేలికీ ఒక నంబరు ఉంటుంది. దిగడం, కదలడం, లేవడంతో పాటు ‘రద్దు’ అనే నాలుగో ఘట్టం కూడా ఉంటుంది. వేలు కదులుతుండగా సిస్టమే ఆ సైగను తన పనికి తీసుకుంటే వచ్చేది అదే. దాన్ని పట్టించుకోని ప్రోగ్రాంలో లేవని వేలు ఒకటి తెర మీద మిగిలిపోయినట్టు ఉంటుంది, ఆ బటన్ నొక్కి ఉన్నట్టే కనిపిస్తుంది.

ఆ పెద్దావిడకు ఎదురైన మెనూ సంగతి: మేం రాసేది విండోస్ ప్రోగ్రాములకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డబ్ల్యూపీఎఫ్ అనే సాధనంలో. దాని స్టైలస్ తరగతిలో ప్రెస్ అండ్ హోల్డ్‌ని, అంటే వేలు ఆనించి పట్టుకుంటే కుడి బటన్‌గా లెక్కించడాన్ని, ఆపే అమరిక ఉంది, ఆ బటన్లకు ఆపేశాం. ఇప్పుడు ఎంతసేపు పట్టుకున్నా తీయగానే ముందుకు వెళ్తుంది. మాటతో పాటు ప్రోగ్రాంనూ మార్చాలి. ఎవరు ఏ అలవాటుతో వస్తారో మనకు తెలియదు కదా.

జయనగర్ సభ్యురాలు: మౌస్ బాణం బొమ్మ మీదికి రాగానే చిన్న వివరణ కనిపిస్తుంది కదా, హోవర్ అంటారు. దానికి తెలుగు మాట ఉందా?

నా జవాబు: ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అండీ. బాణం బటన్ మీద ఉంది, కానీ ఇంకా ఏమీ చేయలేదు. మన ‘అంటీముట్టనట్టు’ సరిగ్గా ఆ స్థితే. బటన్ మీద రాసుకునే పేరుగా పొడుగవుతుంది గానీ, కొత్తగా చేరిన పిల్లలకు వివరించేటప్పుడు నేను ఆ మాటే వాడతాను, వెంటనే అర్థమవుతుంది. మామూలు టచ్ తెరలో వేలికి ఆ స్థితి లేదు. తాకిందా, లేదా, రెండే. కొన్ని పెన్నులకు మాత్రం ఉంటుంది, తెరకు కాస్త పైన ఉండగానే తెలిసిపోతుంది. అందుకని హోవర్‌లో దాచిన ప్రతి వివరణా, దాంతో తెరుచుకునే ప్రతి మెనూ వేలితో వాడేవాళ్లకు లేనట్టే. వాటిని బయటికి తెచ్చి బటన్ కిందే రాయాలి.

ఇంకో సంగతి. 1983లో వచ్చిన హెచ్‌పీ-150 అనే డెస్క్‌టాప్ కంప్యూటర్‌కి టచ్ తెర ఉండేది. తెర అంచుల నుంచి పరారుణ కిరణాలు అడ్డంగా, నిలువుగా పోయేవి. వేలు వాటికి అడ్డం వస్తే చాలు, గాజును తాకనే అక్కర్లేదు. పెద్ద తెరల్లో ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది. అలాంటి తెర ముందు చీర కొంగు తగిలినా, చొక్కా చెయ్యి తగిలినా వేలు కిందే లెక్క. వాటికి ‘తట్టండి’ కూడా పూర్తిగా సరిపోదు.

చెన్నై మిత్రుడు: తమిళంలో టచ్ స్క్రీన్‌ను ‘తొడుతిరై’ అంటారు, పేపర్లలోనూ రాస్తారు. మనకు ‘తాకుతెర’ బాగుంటుంది కదా? రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేయడాన్ని ఏమంటారు మరి?

నా జవాబు: ‘తాకుతెర’ వినసొంపుగా ఉంది సార్, వ్యాసాల్లో వాడుకుందాం. రిసెప్షన్ దగ్గర మాత్రం ‘టచ్ స్క్రీన్’ అంటేనే అందరికీ తెలుస్తుంది. రెండు వేళ్ల సంగతికొస్తే, ఇంగ్లీషులో ‘పించ్’ అంటారు గానీ ‘గిల్లండి’ అని రాయడానికి నాకు మనసొప్పలేదు. ‘రెండు వేళ్లు ఆనించి ఎడంగా జరపండి’ అని రాశాం, పక్కనే + – బటన్లు పెట్టాం. ఒక చేతికి సెలైన్ సూది ఉండి, రెండో చేత్తో ఫైలు పట్టుకున్న మనిషి ఏదో ఒక వేలితో ఆ బటన్లనైనా తట్టగలగాలి.