నాన్నగారి పాత స్విఫ్ట్ మార్చాలి, ఏది తీసుకోమంటారు?

రాజోలు కుర్రోడు:
నమస్తే అండి అందరికీ. మాది రాజోలు పక్కన పల్లెటూరు. ఇంట్లో 2010 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఉంది. పదిహేనేళ్లు దాటేసింది కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలా, ఈ వంకన అమ్మేసి కొత్తది తెచ్చుకోవాలా అని ఇంట్లో రోజూ పంచాయితీయే. ఇంజన్ ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. కానీ డోర్ల కింది అంచులు తుప్పు పట్టి, వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలుతున్నాయి (సముద్రపు గాలి, చుట్టూ రొయ్యల చెరువులు, ఇంకేం మిగులుతుంది). ఏసీ కంప్రెసర్ పోయింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆ కింది సీట్లోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాలి. నేను హైదరాబాద్‌లో ఉంటాను, నడిపేది నాన్నగారే, వయసు అరవై ఎనిమిది.

తిరిగేది మలికిపురం, అమలాపురం, అప్పుడప్పుడు చించినాడ బ్రిడ్జి మీదుగా పాలకొల్లు, భీమవరం. నరసాపురం వెళ్లాలంటే మాత్రం సఖినేటిపల్లిలో పంటు (బళ్లని గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించేస్తారు, అదొక అలవాటు ఆయనకి. బడ్జెట్ ఆన్‌రోడ్ పదకొండు లక్షలు. నాకేమో సన్‌రూఫ్, పెద్ద టచ్ స్క్రీన్, వీలైతే అడాస్ (లేన్ తప్పితే హెచ్చరించడం లాంటి డ్రైవర్ సాయం ఫీచర్లు) కూడా ఉండాలని ఉంది. ఆయనేమో "డీజిల్ అయితే కొనండి, లేదంటే నా బండి నాకు ఉంచేయండి" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

రావులపాలెం షెడ్డు:
తమ్ముడూ, ముందు డీజిల్ సంగతి తేల్చేద్దాం. నాన్నగారు అంటున్న డీజిల్ వేరు, ఇప్పుడు షోరూంలో ఉన్న డీజిల్ వేరు. ఆ స్విఫ్ట్‌లో ఉన్నది ఫియట్ వాళ్లు డిజైన్ చేసిన 1.3 లీటర్ ఇంజన్, ఎలా నడిపినా నడుస్తుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధన వచ్చాక మారుతి డీజిల్ చెయ్యడమే మానేసింది. ఇప్పుడు డీజిల్ కార్లు అమ్మే కంపెనీలన్నీ సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ పెడుతున్నాయి. అది పొగలోని మసిని పట్టుకుంటుంది, ఆ మసి కాలిపోవాలంటే బండి ఆగకుండా కాసేపు ఓ మోస్తరు స్పీడులో పోవాలి, సైలెన్సర్ బాగా వేడెక్కాలి. మీ నాన్నగారు తిరిగే దారిలో అంత స్పీడు ఎక్కడండీ? ఊళ్లోంచి ఏటిగట్టు, గట్టు మీంచి రాజోలు సెంటరు, మధ్యలో గేదెలు, కొబ్బరికాయల ట్రాక్టర్లు. ఫిల్టర్ నిండిపోయి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. లైటు పడ్డప్పుడు రావులపాలెం వచ్చి హైవే ఎక్కి ఓ అరగంట లాగిస్తే సర్దుకుంటుంది, పట్టించుకోకపోతే లిమ్ప్ మోడ్‌లోకి వెళ్లి బండి లాగడం మానేస్తుంది. మా షెడ్డుకి ఇలాంటివి వస్తూనే ఉంటాయి, ఎక్కువగా పల్లెటూళ్ల బళ్లే. రోజూ రాజమండ్రి, విజయవాడ తిరిగేవాళ్లకి డీజిల్ బంగారం. మీకు పెట్రోలే మేలు. మైలేజీ తగ్గుద్ది, నిజమే, కానీ మీ తిరుగుడుకి ఆ తేడా పెద్ద లెక్కలోకి రాదు.

మరో మాట, కొత్త బండికి అండర్ బాడీ కోటింగ్ మొదటి నెలలోనే వేయించండి. మీ వైపు ఉప్పు గాలికి అది తప్పదు.

పాలకొల్లు బుల్లోడు:
షెడ్డు అన్న చెప్పింది కరెక్టే. నేను ఎత్తు గురించి చెప్తాను, ఎందుకంటే మన దగ్గర అసలు పరీక్ష పంటు దగ్గరే ఉంటుంది. ఏట్లో నీళ్లు తగ్గినప్పుడు రేవు నుంచి పంటు మీదకి పెట్టే పలక ఎంత ఏటవాలుగా ఉంటుందో తెలుసు కదండీ, ముక్కు పొడుగ్గా, బంపర్ కిందికి ఉన్న బండి అయితే ముందు టైరు పలక ఎక్కేలోపే బంపర్ వెళ్లి అంచుకి గీసుకుంటుంది. వెనకాల బైకులవాళ్లు హారన్లు, పంటు కుర్రాడు "రండి రండి" అంటూ అరుపులు, ఆ టెన్షన్‌లో బ్రేకు వదిలితే బండి వెనక్కి జారుతుంది. హిల్ హోల్డ్ ఉంటే బ్రేకు మీద కాలు తీశాక కూడా రెండు సెకన్లు పట్టి ఉంచుతుంది. సన్‌రూఫ్ కన్నా నాన్నగారికి అదే పనికొస్తుంది. (మే నెల ఎండకి మన కోనసీమలో సన్‌రూఫ్ ఎవరు తెరుస్తారండీ అసలు.)

కోతల టైములో రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు కదా, రాత్రిపూట ఆ రాళ్లు కనబడవు, తక్కువ ఎత్తు బళ్లకి కింద దెబ్బ ఖాయం. టాటా నెక్సాన్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 208 మిల్లీమీటర్లు, ఇలాంటిదైతే అమ్మగారు కూడా కూర్చోడానికి వంగక్కర్లేదు, లేవడానికి చెయ్యీ అక్కర్లేదు. మరీ ఎత్తుగా ఉన్నా ఎక్కలేరు, అందుకని ఆవిణ్ని షోరూంకి తీసుకెళ్లి ఎక్కించి దింపి చూడండి.

అడాస్ మాట మర్చిపోండి. లేన్ నుంచి పక్కకి పోతే హెచ్చరించాలంటే రోడ్డు మీద గీతలుండాలి. గట్టు రోడ్డు మీద గీతలెక్కడివి?

కాకినాడ అక్క:
డబ్బు లెక్క నేను చెప్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఉన్న కార్లకి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటితే 40. అందుకే మారుతి బ్రెజా పొడవులో చిన్నదే అయినా ఇంజన్ 1462 సీసీ కాబట్టి 40లోకి పోయింది. ఎక్స్‌షోరూం ధర పది లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే మీ దగ్గర ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, అది మీ ఐటీ రిటర్నులో చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు, చాలామంది వదిలేస్తున్నారు.

పాత బండి అమ్మేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) రిజర్వేషన్ లెటర్ తీసుకోండి. ఆ బోనస్ బండిది కాదు, నాన్నగారిది, 50 శాతం దాకా ఉంటుంది. కొత్త బండి పాలసీలో వేయించుకోవచ్చు, లెటర్ మూడేళ్లు పని చేస్తుంది. షోరూంవాళ్లు తమంతట తాము అడగరు, మీరే గుర్తు చెయ్యాలి.

లంకల వైపు ఉన్నారు కాబట్టి ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ తప్పకుండా తీసుకోండి. మామూలు పాలసీ వరద నష్టానికి ఇస్తుంది, కానీ నీళ్లలో స్టార్ట్ చేసి ఇంజన్‌లోకి నీరు లాగేసుకుంటే మాత్రం ఇవ్వరు. ఆగస్టులో ఏరు పోటెత్తి కారు మునిగిందా, తాళం పెట్టి తిప్పొద్దు, బటన్ నొక్కొద్దు, లాగించుకెళ్లాలంతే. ఈ ఒక్క మాట నాన్నగారికి గట్టిగా చెప్పండి.

స్క్రీన్ గురించి కూడా ఒక మాట. ఏసీ ఫ్యాను తగ్గించాలన్నా స్క్రీన్‌లో వెతుక్కోవాల్సిన కార్లు ఉన్నాయి. మా మావయ్యగారు అలాంటి కారులో ఏసీ తగ్గించలేక కిటికీ దించుకుని వెళ్తారు. గుండ్రంగా తిప్పే నాబ్‌లు ఉన్నవే చూడండి.

రాజోలు కుర్రోడు:
చాలా థాంక్స్ అండి. నాన్నగారికి డీపీఎఫ్ సంగతి చదివి వినిపించాను, కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయితే క్లచ్ లేనిది చూడు" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే. మా బావ ఎలక్ట్రిక్ తీసుకోమంటున్నాడు, దాని సంగతేంటి? పాత స్విఫ్ట్ ఇంట్లోనే ఉంచుకోవాలన్నా కుదురుతుందా?

రావులపాలెం షెడ్డు:
ఎలక్ట్రిక్ చెడ్డదేం కాదు, రోజూ అమలాపురం వెళ్లొచ్చినా రాత్రి ఇంట్లో 15 యాంప్ సాకెట్‌కి పెడితే తెల్లారేసరికి సరిపోతుంది. కానీ ఆ బడ్జెట్‌లో చిన్న బ్యాటరీవే వస్తాయి, అన్నవరం వెళ్లొచ్చేటప్పుడు మధ్యలో చార్జింగ్ చూసుకోవాలి. ఇంట్లో అదొక్కటే బండి అయితే పెట్రోలే తీసుకోండి. క్లచ్ లేనివాటిలో ఏఎంటీ (మామూలు గేర్‌బాక్సునే మెషిన్ మార్చేది) చౌక, పలక ఎక్కేటప్పుడు మాత్రం కొంచెం జెర్కు ఇస్తుంది. సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు లేకుండా బెల్టుతో నడిచేది) మెత్తగా పోతుంది, ధర ఎక్కువ.

స్విఫ్ట్ ఉంచుకోవాలంటే ఆర్టీవోలో ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించండి. 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5000, ఐదేళ్లకి ఇస్తారు. అమ్మితే మాత్రం ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకుండా ఆర్సీ కొన్నవాడి పేరు మీదకి మారిందని ఆన్‌లైన్‌లో చూసేదాకా వదలొద్దు.

పాలకొల్లు బుల్లోడు:
టెస్ట్ డ్రైవ్ షోరూం ముందు రోడ్డు మీద ఇస్తామంటారు. సఖినేటిపల్లి రేవు దగ్గరికే తెమ్మనండి, ఆ ఒక్క పలక ఎక్కించి చూస్తే ఏఎంటీయో సీవీటీయో నాన్నగారే తేల్చేస్తారు.

రాజోలు కుర్రోడు:
అడిగాను. మేనేజర్ ముందు నవ్వాడు, తర్వాత ఆదివారం పంపిస్తానన్నాడు, పంటు టికెట్ మాత్రం మాదేనట.