గ్రేడ్ 3, కి-67 70 శాతం అని వచ్చింది, మా అక్క రిపోర్ట్ కొంచెం అర్థమయ్యేలా చెప్తారా

కోనసీమ తమ్ముడు:
అందరికీ నమస్తే అండి. మాది అమలాపురం పక్కన పల్లెటూరు. మా పెద్దక్కకి 44 ఏళ్ళు, ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే నొప్పి లేదు కదా అని కొన్నాళ్ళు ఊరుకుంది, ఇప్పుడు సూది బయాప్సీ చేయించేం. రిపోర్ట్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: ఇన్వేసివ్ కార్సినోమా, గ్రేడ్ 3 (3+3+2), ఈఆర్ 0, పీఆర్ 0, హెర్2 2+, కి-67 70 శాతం, స్ట్రోమల్ టిల్స్ 40 శాతం, నెక్రోసిస్ ఉంది. డాక్టర్ గారు సోమవారం రమ్మన్నారు. ఈలోపు బావగారి తరపు పెద్దాయన ఒకరు ఆ కాయితం చూసి, ఇది ట్రిపుల్ నెగటివ్, 70 శాతం పాకేసింది, అసలు ముక్క తియ్యకుండా ఉండాల్సింది అని అక్క ముందే అనేసేరు. అప్పట్నుంచి అక్క అన్నం సరిగ్గా తినట్లేదు. ఇందులో ఏది నిజమో తెలిసినవాళ్ళు చెప్పండి, దండం పెడతాను.

గోదారి పాథాలజిస్ట్:
తమ్ముడూ, కాకినాడలో స్లైడ్లు చూసే పని నాది. ముందు అక్కకి ఈ మాట చెప్పు, 70 శాతం అంటే పాకడం కాదు. ఆ ముక్కలో ఉన్న వంద కేన్సర్ కణాల్లో 70 విభజన దారిలో ఉన్నాయని, అంతే. ఎంతవరకు పాకిందో స్కానులు, చంక గడ్డల పరీక్ష చెప్తాయి గానీ కి-67 చెప్పదు. ముక్క తీసినందుకు పాకదు కూడా, అది తియ్యకపోతే ఏ మందు ఇవ్వాలో ఎవరికీ తెలీదు.

గ్రేడ్ అంటే స్టేజ్ కాదు, ఈ రెండూ కలిపేసుకుని ఎంతమంది ఏడుస్తారో. కణాలు గొట్టాల్లా అమరాయా లేదా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎన్ని విడిపోతూ కనిపించాయి అని మూడిటికీ ఒకటి నుంచి మూడు దాకా మార్కులు వేస్తాం. కూడితే 8 గానీ 9 గానీ వస్తే గ్రేడ్ 3. మీది 8. దూకుడు రకమే, దాచను. నెక్రోసిస్ కూడా అదే చెప్తుంది, గడ్డ తొందరగా పెరిగి మధ్యలో రక్తం అందక కొంత చచ్చిపోయింది. కానీ జోరుగా విడిపోయే కణాల మీదే కీమో బాగా పనిచేస్తుంది, ఈ సగం ఎవరూ చెప్పరు.

ఇంక మీ రిపోర్ట్‌లో నాకు నచ్చింది టిల్స్ 40. లెన్స్ కింద గులాబీ రంగు పీచు మధ్యలో ముదురు నీలం ఆవగింజలు చల్లినట్టు కనపడతాయి, అవి మన ఒంట్లో రోగంతో పోరాడే లింఫోసైట్లు. ట్రిపుల్ నెగటివ్‌లో (అంటే ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ రిసెప్టర్లు లేకుండా, హెర్2 అనే ప్రోటీన్ కూడా ఎక్కువ లేని రకంలో) అవి ఎంత ఎక్కువుంటే తిరగబెట్టే ప్రమాదం అంత తక్కువని చాలా స్టడీల్లో తేలింది, హెర్2 పాజిటివ్ రకంలో కూడా కీమోకి బాగా లొంగుతుంది. 40 అంటే తక్కువేం కాదు.

అన్నట్టు, ఇది ట్రిపుల్ నెగటివ్ అని ఆయన ఎలా తేల్చేరు? హెర్2 0, 1+ అయితే నెగటివ్, 3+ పాజిటివ్, 2+ అంటే ఇంకా తేలలేదు. అదే బ్లాక్ (ముక్కని మైనంలో పెట్టిన దిమ్మ) మీద ఫిష్ టెస్ట్ చెయ్యాలి, అది హెర్2 జన్యువు కాపీలు లెక్కపెట్టే పరీక్ష. పాజిటివ్ వస్తే హెర్2 మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు కలుస్తాయి, దారే మారిపోద్ది. సోమవారం మొట్టమొదట ఇదే అడుగు.

భీమవరం అమ్మాయి:
మా అమ్మది ట్రిపుల్ నెగటివే అండి, గ్రేడ్ 3. మాకు ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసేరు. అప్పుడు తీసిన ముక్క రిపోర్టే మాకు అసలు రిపోర్ట్ అనిపించింది. కేన్సర్ కణం ఒక్కటీ మిగలకపోతే చాలా మంచి గుర్తంట, మిగిలితే ఎంత మిగిలిందో ఆర్‌సీబీ అని సున్నా (ఏమీ మిగల్లేదని) నుంచి మూడు దాకా రాస్తారు. అమ్మకి కొంచెం మిగిలింది, అందుకని కాపెసిటబిన్ మాత్రలు వాడించేరు, అరచేతులు అరికాళ్ళు చర్మం లేచిపోయేది పాపం, ఐనా పూర్తి చేసింది. ఈ రకం తిరగబెడితే మొదటి రెండు మూడేళ్ళలోనే ఎక్కువ, ఐదేళ్ళు దాటితే భయం బాగా తగ్గుద్దని చెప్పేరు మాకు. అక్కకి ధైర్యం చెప్పండి, వచ్చినోళ్ళందరికీ ఆ కాయితాలు చూపించకండి ప్లీజ్.

కోనసీమ తమ్ముడు:
చాలా చాలా థాంక్స్ అండి. మీరు రాసినవి అక్కకి చదివి వినిపించేను, రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తింది. సోమవారం వెళ్ళేం, ఫిష్‌కి పంపేరు, ఇప్పుడు రిజల్ట్ వచ్చింది, నెగటివ్. అంటే ట్రిపుల్ నెగటివే కదా. ముందు కీమో అన్నారు. కీమో ముందు గడ్డలో క్లిప్ పెడతాం అంటున్నారు, అదేంటి? ఇంకొకటి, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా హాస్పిటల్‌లో కూడా చూపిద్దామని ఉంది, ఏం పట్టుకెళ్ళాలి?

గోదారి పాథాలజిస్ట్:
ఆయ్, ఇప్పుడు ట్రిపుల్ నెగటివ్ అనొచ్చు. టిల్స్ 40 మాత్రం అలాగే ఉంది, అదెక్కడికీ పోలేదు. క్లిప్ పెట్టించుకోండి, చిన్న లోహపు ముక్క అది. కీమోకి గడ్డ పూర్తిగా కరిగిపోతే సర్జన్‌కి ఎక్కడ కొయ్యాలో, మాకు ఎక్కడ వెతకాలో ఆనవాలు ఉండాలిగా. విశాఖకి రిపోర్ట్ జెరాక్స్ ఒక్కటే కాదు, స్లైడ్లు, మైనపు బ్లాకులు ల్యాబ్‌లో అడిగి తీసుకెళ్ళండి, ఇస్తారు. వాటిని ఎండలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరుగుద్ది. ఈ వయసులో ట్రిపుల్ నెగటివ్ కాబట్టి బీఆర్‌సీఏ అనే జన్యువుల రక్తపరీక్ష గురించి కూడా అడగండి. అందులో మార్పు ఉంటే ఒలాపరిబ్ అనే మందు పనికొచ్చే అవకాశం ఉంటుంది, పైగా ఒక తల్లిదండ్రుల బిడ్డలు కాబట్టి నీకూ, చెల్లెళ్ళుంటే వాళ్ళకీ ఆ మార్పు ఉండే అవకాశం సగానికి సగం ఉంటుంది, తెలుసుకోవాలి.

భీమవరం అమ్మాయి:
మొదటి కీమో రోజు అక్కతో ఆడవాళ్ళు ఎవరైనా ఉండేలా చూడు తమ్ముడూ. జుట్టు రాలడం మొదలైతే నాకు మెసేజ్ పెట్టు, అమ్మ చేత మాట్లాడిస్తా.