మిగిలిన గుడ్డముక్కలతో చంటిబిడ్డకు చిన్న బొంత

ప్రశ్న (రాజాం నుంచి)
ఇంట్లోనే జాకెట్లు కుడుతుంటాను. మిగిలిన నూలు, పాలిస్టర్ ముక్కలతో ఒక సంచి నిండిపోయింది. సంక్రాంతి తరవాత మా అమ్మాయి పురిటికి వస్తుంది కనుక, ఆ ముక్కలతో పుట్టబోయే బిడ్డకు గజం పొడవు, గజం వెడల్పు ఉండే బొంత కుట్టాలని నా కోరిక. మా అమ్మమ్మ పాత చీరలు మడతలు వేసి చేత్తో బొంతలు కుట్టేది. నేను ముక్కలు అతికి కుట్టిన బొంత మాత్రం మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి, మధ్యలో ఉబ్బి, అంచులు వంకర తిరిగింది. తప్పెక్కడ జరిగిందో దయచేసి చెప్పగలరు.

జవాబు (పొందూరు నుంచి)
అమ్మా, నూలునూ పాలిస్టర్‌నూ కలిపి కుట్టడమే మొదటి తప్పు. నూలు నీళ్లలో ముడుచుకుంటుంది, పాలిస్టర్ దాదాపు ముడుచుకోదు. ఒక పోగు లాగి నిప్పుకు చూపండి: నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి పూస కడుతుంది. నూలు ముక్కలను మాత్రమే ఏరి, రంగు వదిలేవాటిని విడిగా ఉతికి, ఇస్త్రీ చేశాకనే కత్తెర పట్టండి. మా ఊళ్లో సన్నఖద్దరు వడికేవారు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి శుభ్రం చేయనిదే రాట్నం ముందు కూర్చోరు. బొంతకు కూడా ముందుపనే ప్రాణమని నా నమ్మకం.

ముక్కలను 5 అంగుళాల చదరాలుగా కోయండి. నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోగా నాలుగున్నర మిగులుతుంది కాబట్టి, వరుసకు 8 చొప్పున 8 వరుసలు, అంటే 64 ముక్కలు కలిస్తే సరిగ్గా 36 అంగుళాలవుతుంది. ఆ పావు అంగుళం ప్రతి కుట్టులోనూ ఒకేలా ఉండాలి. అంగుళంలో వీసం (పదహారో) వంతు ఎక్కువ పట్టినా, ప్రతి కుట్టులో రెండు ముక్కలూ అంత చొప్పున తగ్గుతాయి కనుక, ఏడు కుట్లు పూర్తయ్యేసరికి ఆ వరుస దాదాపు అంగుళం కురచవుతుంది. మీ అంచుల వంకరకు కారణం బహుశా ఇదే.

జవాబు (బొబ్బిలి నుంచి)
ఉబ్బు సంగతి నేను చెబుతాను. మధ్య పొరకు పాత నూలు చీర రెండు మడతలు చాలు, దూది పెడితే మన వానాకాలంలో త్వరగా ఆరదు. అడుగు గుడ్డ అన్ని వైపులా 2 అంగుళాలు పెద్దదిగా ఉండాలి. మూడు పొరలనూ నేల మీద పరిచి, మధ్య నుంచి అంచులవైపు కచ్చాకుట్లు వేసుకుంటూ వెళ్లండి. అంచుల నుంచి మొదలుపెడితే వదులంతా మధ్యలో చిక్కుకుని ఉబ్బుతుంది. ఆ తరవాత నాలుగు వేళ్ల ఎడంలో గట్టి కుట్లు వేయండి. అద్దాలు, గుండీలు అసలే వద్దు. ఏడాది నిండని బిడ్డకు నిద్రలో బొంత కప్పకండి, మెలకువగా ఉన్నప్పుడు కింద పరిచి ఆడుకోనివ్వండి.

ప్రశ్న అడిగినవారు
పోగులు కాల్చి చూశాను. నూలని నేననుకున్న ముక్కల్లో సగం కరిగి పూసకట్టాయి. ఇక 64 చదరాలు రావు. అంచు పట్టీకి ఎంత గుడ్డ కావాలి?

జవాబు (బొబ్బిలి నుంచి)
44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డలో రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీలు నాలుగు చాలు, అంటే 10 అంగుళాల గుడ్డ. తక్కువైన చదరాల కోసం మీ అమ్మమ్మగారి నూలు చీర ఏదైనా దాచి ఉంటే అందులోంచి కోయండి. ఏళ్ల తరబడి ఉతికిన గుడ్డ కనుక ఇక ముడుచుకోదు.