కాంక్రీటులో పాతే అల్యూమినియం పోస్టులకు రక్షణ ఎలా?

తిరువాన్మియూర్ వాసి:
చెన్నైలో సముద్రానికి దగ్గరలో ఉంటాము. మా ప్రహరీ గోడ మీద బిగించిన అల్యూమినియం కంచె పైకి కొత్తదానిలాగే ఉన్నా, పోస్టులు గోడలోకి దిగే చోట చుట్టూ తెల్లటి పొడి పేరుకుంటోంది, రెండు చోట్ల గోడ బీటలు వారింది. ఇప్పుడు పెరటి వైపు కూడా పోస్టులు పాతించాలి. ముందుగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి.

అంబత్తూరు ఫ్యాబ్రికేటర్:
ఆ తెల్లటి పొడి అల్యూమినియం తుప్పేనండి. ఈ లోహాన్ని కాపాడే పల్చటి ఆక్సైడ్ పొర పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) సుమారు 4 నుంచి 8.5 వరకే నిలకడగా ఉంటుంది. పచ్చి కాంక్రీటులో పీహెచ్ 12 దాటుతుంది కనుక ఆ పొర కరిగిపోయి, హైడ్రోజన్ వెలువడుతూ లోహం దెబ్బతింటుంది. కాంక్రీటు ఆరిపోయాక ఈ చర్య బాగా నెమ్మదిస్తుంది గాని, వాన నీరు, దానితోపాటు సముద్రపు ఉప్పు లోపలికి దిగితే తుప్పు మళ్లీ మొదలవుతుంది. తుప్పుకు లోహం కన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టే గోడ పగులుతుంది.

మేము పాతే భాగాన్ని థిన్నర్‌తో తుడిచి, ఎమెరీ కాగితంతో గరుకు చేసి, కాంక్రీటు మట్టం కన్నా కాస్త పైదాకా బిటుమెన్ పెయింటు రెండు కోట్లు వేస్తాము. మొదటి కోటు పూర్తిగా ఆరనివ్వాలి. పౌడర్ కోటింగ్ ఉన్న పోస్టునైనా సైటులో కోస్తే ఆ అంచు వద్ద లోహం బయటపడుతుంది; చాలామంది వదిలేసేది ఆ అంచునే, అందుకే పోస్టును తలకిందులుగా నిలబెట్టి, గొట్టం లోపలి అంచుకు కూడా కుంచె తగిలేలా పూయించండి.

బెంగళూరు గృహస్థురాలు:
మావి ఆనోడైజ్ చేసిన (విద్యుత్తుతో పైపొరను మందం చేసిన) పోస్టులు. వాటికి కూడా పెయింటు అవసరమాండి?

అంబత్తూరు ఫ్యాబ్రికేటర్:
తప్పనిసరిగా అవసరమమ్మా. ఆనోడైజింగ్ పొర కూడా ఆక్సైడే కాబట్టి తడి సిమెంటుకు తట్టుకోలేదు. పైభాగం మీద సిమెంటు చింది పడినా వెంటనే కడిగించండి, ఆరితే మరక పోదు.

వేళచ్చేరి సివిల్ ఇంజనీరు:
పెయింటు ఎంత ముఖ్యమో, పోస్టు కాంక్రీటులోని ఇనుప కమ్మీలకు తగలకుండా చూడటం కూడా అంతే ముఖ్యం. తడిలో ఆ రెండు లోహాలు కలిస్తే ముందుగా అరిగేది అల్యూమినియమే. కాంక్రీటు త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ కలపనివ్వకండి, అదీ ఉప్పు లాగే తుప్పును పెంచుతుంది. తీరానికి దగ్గరలో ఉన్నారు గనుక నా సలహా వేరు: అసలు పాతకుండా, బేస్ ప్లేటు (అడుగున బోల్టులతో బిగించే పలక) ఉన్న పోస్టులు తీసుకుని, కింద నియోప్రీన్ (ఒక రకం రబ్బరు) షీటు పరిచి, 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులకు నైలాన్ బుష్‌లు, వాషర్లు వేసి బిగించండి. ఖర్చు పెరుగుతుంది గాని, రేపు ఒక పోస్టు పాడైతే గోడ పగలగొట్టకుండా మార్చుకోవచ్చు.

తిరువాన్మియూర్ వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. పెరటికి బేస్ ప్లేట్లే వాడతాము. మరి పాత పోస్టుల సంగతి ఏమిటండి?

వేళచ్చేరి సివిల్ ఇంజనీరు:
పొడి గీకేసి, గోడ మట్టం దగ్గర స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. మొన దిగబడితే ఆ పోస్టును మార్చాల్సిందే. గట్టిగా ఉంటే బాగా ఆరనిచ్చి, చుట్టూ పాలీయురేథేన్ సీలెంట్ పట్టించి, నీరు నిలవకుండా గోడ పైభాగానికి వాలు ఇప్పించండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే ఈ పని పూర్తి చేయించండి.